ఒకే అంకె రాసిన రెండు వయల్స్

ఒక తల్లికి మేము అబద్ధం చెప్పాం. ఆమె బిడ్డ కణాల్లో నిద్రపోతున్న ఎక్స్ క్రోమోజోమును మా మందు లేపిందని మా మీటింగు హాల్లో మైకు పట్టుకుని చెప్పాం. మందు దేన్నీ లేపలేదు. చెప్పిన రోజున అది అబద్ధమని మాకు తెలియదు. ఆరు వారాల తర్వాత తెలిసింది. తెలిశాక మూడేళ్లు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ మూడేళ్లూ ఆమె ఆ మందు కోసం ఎదురుచూసింది.

ఆ అబద్ధానికి దారితీసిన తప్పు నా చేత్తో జరిగింది. దాన్ని దాచింది నా పైవాళ్లు. దాచడంలో నాకూ భాగం ఉంది. కణాలు పెంచే కల్చర్ గదిలో కొత్తగా అడుగుపెట్టే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకెప్పుడు జీతం పెరిగింది, ఏ హోదాలో దిగిపోయాను అనేవి మీకు పనికిరావు. పనికొచ్చేవే రాస్తాను. మనుషుల పేర్లు మార్చాను. కంపెనీ పేరు రాయడం లేదు.

నర్సింహ సార్ నేర్పింది

మాది భానూరు దగ్గర ఊరు. మా అన్నలు పొలం చూసుకున్నారు. నేను పదో తరగతి తప్పి, బొల్లారంలో ఒక మందుల కంపెనీలో గాజుసామాను కడిగే పనికి కుదిరాను. నాలుగేళ్లు సీసాలు కడిగాక కణాలు పెంచే గదిలోకి తీసుకున్నారు. ఎందుకంటే నా సీసాల్లో మాత్రం బూజు వచ్చేది కాదు.

చదువు నేను సొంతంగా నేర్చుకున్నాను. కణాలకు ఆహారంగా పోసే ద్రవాన్ని మీడియా అంటాం. ఆ డబ్బాల్లో మడతపెట్టి వచ్చే కాగితాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేవాణ్ని. కంపెనీ లైబ్రరీ పాత పుస్తకాలు పారేసినప్పుడు కణాల గురించిన ఒక లావు పుస్తకం దొరికింది. అందులో మూడో అధ్యాయం చినిగిపోయింది. నాలుగో అధ్యాయం మూడోది చదివినవాడికి తప్ప అర్థం కాదు. అయినా పట్టు వదలలేదు. "టెక్నీషియన్‌కు ఇవన్నీ ఎందుకు?" అని అడిగినవాళ్లు చాలామంది. ఆ మాటకు ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కణాన్ని రోజూ కళ్లతో చూసేది టెక్నీషియన్. సైంటిస్టు చూసేది గ్రాఫు.

ఆ గదిలో నా మొదటి బాస్ నర్సింహ సార్. చేతిపని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గాలిని వడకట్టే హుడ్ అనే గాజు పెట్టె ముందు కూర్చున్నప్పుడు మాట్లాడొద్దనేవాడు. కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపు తెరిచి ఆలోచించొద్దు, ఆలోచించాకే తెరువు అనేవాడు. మేము పెంచేవి హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి తీసిన కణాలు. చేలో గరిక లాంటివి. ఏం చేసినా పెరుగుతాయి.

పెరిగి ప్లేటు నిండగానే వాటిలో కొన్నిటిని తీసి కొత్త ప్లేటులో వేయాలి. దాన్ని పాసేజ్ అంటాం. ఎన్నిసార్లు అలా మార్చామో అదే ఆ కణాల వయసు. ఆ అంకెను ప్లేటు మీద రాస్తాం. మిగిలిన కణాలను వయల్ అనే వేలంత ప్లాస్టిక్ సీసాలో పోసి లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాస్తాం. మళ్లీ కావలసినప్పుడు కరిగించి పెంచుతాం.

కరిగించినప్పుడు అంకె ఎక్కడ మొదలుపెట్టాలని ఒకసారి సార్‌ను అడిగాను.

"ఒకటి నుంచే పెట్టురా యాదగిరి. పండుకొని లేసినోడికి మల్ల పొద్దుగాలనే గదా" అన్నాడాయన.

"పాత లెక్క పోతది గద సార్?"

"పోతే పోనీ. గీ కణాలు నువ్వు పోయినా ఉంటయి, నేను పోయినా ఉంటయి. మూత మీద రెండంకెలకే జాగ ఉంది, మూడంకెలు యాడ రాస్తవు?"

హ్యామ్‌స్టర్ కణాల విషయంలో ఆయన మాట సరైనదే. వాటికి వయసుతో పెద్ద తేడా రాదు. ఆ అలవాటు నా చేతిలో ఇరవై ఏళ్లు ఉండిపోయింది. ఇంకో కంపెనీకి, ఇంకో రకం కణాల దగ్గరికి నాతోపాటే వచ్చింది. మంచి గురువు నేర్పిన అలవాటు మీద మనకు ఎప్పటికీ అనుమానం రాదు.

కవిత అడిగిన ప్రశ్న

రెండో కంపెనీ పటాన్‌చెరు వైపు ఒక పరిశోధన ల్యాబు. అక్కడ పెంచేవి మనుషుల కణాలు. చర్మం నుంచి చిన్న ముక్క తీసి, ఆ కణాలను వెనక్కి నడిపించి, గర్భంలో తొలిరోజుల బిడ్డ కణాల్లాంటి మూలకణాలుగా మారుస్తారు. వాటికి రోజూ మీడియా మార్చాలి. ఆదివారం లేదు, బోనాలు లేవు, రంజాన్ లేదు. వాటిని చూసుకోవడం చంటిపిల్లను చూసుకోవడమే.

కవిత ఆ ల్యాబుకు తన పాపను తీసుకొచ్చింది. ఆమెకు అప్పుడు ముప్పై దాటి ఉండవు. భర్త వెల్డర్. పటేల్‌గూడలో కిరాయికి ఉండేవారు. ఆమె బొల్లారంలో మాత్రలు ప్యాక్ చేసే లైను మీద పనిచేసేది. పాప ఏడాదిన్నర దాకా బాగానే ఉండి, తర్వాత నేర్చుకున్న మాటలు మర్చిపోయింది. చేతులతో ఏదీ పట్టుకోవడం మానేసి, రెండు చేతులూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ ఉండేది. ఆడపిల్లలకు వచ్చే జబ్బు అది. ఎక్స్ క్రోమోజోము మీద ఒక జన్యువు చెడిపోవడం వల్ల వస్తుంది.

చర్మం ముక్క తీసేముందు డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో చెప్పి కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లింది. కవిత నా వైపు తిరిగింది.

"తోలు ముక్కతోని ఏం చేస్తరు సార్? మీరన్న తెలుగుల చెప్పుండ్రి."

తెలిసినంతలో చెప్పాను. ఆడమనిషి ప్రతి కణంలో రెండు ఎక్స్‌లు ఉంటాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ పనిచేస్తే కణానికి ఎక్కువవుతుంది. అందుకని కడుపులో ఉండగానే, తొలిరోజుల్లోనే, ప్రతి కణం ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది. ఏది నిద్రపోవాలో ఏ కణానికి ఆ కణమే తేల్చుకుంటుంది. ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే పాటిస్తాయి.

"అంటే మా లైన్‌ల రెండు మిషన్లుంటే ఒక్కదానికే కరెంటు ఇచ్చినట్టు" అంది.

"గంతే బిడ్డా."

"ఇగ నా బిడ్డకు కొన్ని కణాలల్ల చెడ్డ మిషన్ నడుస్తుంది, కొన్నిట్ల మంచిది నడుస్తుంది."

"అవును."

ఆమె పాప చేతులు పట్టుకుంది. పాప చేతులు విడిపించుకుని మళ్లీ రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"చెడ్డది నడిచేకాడ గూడ మంచిది పక్కనే పండుకొని ఉన్నట్టే గద సార్? దాన్ని లేపరాదా?"

మా ప్రాజెక్టు మొత్తం ఆ ఒక్క ప్రశ్న. దాన్ని రాయడానికి మా బాస్‌కు నలభై పేజీలు పట్టింది. ప్యాకింగ్ లైను మీద పనిచేసే మనిషి ఐదు నిమిషాల్లో అక్కడికి వచ్చింది. "లేపాలనే చూస్తున్నం బిడ్డా" అన్నాను. అంతవరకు నేను ఆమెతో చెప్పినదంతా నిజమే.

ఎలుక చదువు

మా బాస్ సుదర్శనరావు గారు. గుంటూరు వైపు వారు. తండ్రి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. ఆయనను చెడ్డమనిషిగా రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది. నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. నా చేత మొదటిసారి మీటింగులో మాట్లాడించింది ఆయనే.

ఆయన చదువంతా ఎలుక కణాల మీద. ఎలుక మూలకణాల్లో రెండు ఎక్స్‌లూ మెలకువగా ఉంటాయి. ఆ కణాలు ముదిరి వేరే కణాలుగా మారేటప్పుడు ఒకటి మన కళ్లముందే నిద్రలోకి జారుతుంది. చూడడానికి చాలా బాగుంటుంది. కానీ మనుషుల చర్మం నుంచి మేము చేసే మూలకణాలు అలా ఉండవు. వాటిలో ఒక ఎక్స్ నిద్రపోయే వస్తుంది. ఆ నిద్రకు ఒక కాపలా ఉంటుంది. అది ఒక ఆర్ఎన్ఏ. నిద్రపోయే ఎక్స్ అంతటా దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ప్రతి కణంలో ఒక ఎర్రటి చుక్కలా కనబడుతుంది.

ఈ ఏర్పాటులో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఒక కణం నుంచి పెరిగిన గుంపులో అన్నీ ఒకే ఎక్స్‌ను నిద్రపుచ్చుతాయి కాబట్టి, ఒకే పాప చర్మం నుంచి రెండు రకాల గుంపులు దొరుకుతాయి. ఒక గుంపు మొత్తం జబ్బుది, ఒక గుంపు మొత్తం ఆరోగ్యమైనది. పోల్చడానికి వేరే మనిషి అక్కర్లేదు.

ప్రమాదం కూడా అందులోనే ఉంది. మనుషుల మూలకణాలను ప్లేటులో చాలాకాలం పెంచితే ఆ కాపలా జారిపోతుంది. చుక్క మాయమవుతుంది. నిద్రపోయే ఎక్స్ అక్కడక్కడ దానంతట అదే లేస్తుంది. ఒకసారి లేచింది మళ్లీ నిద్రపోదు. అంటే జబ్బు గుంపు వయసు పైబడితే ఏ మందూ లేకుండానే బాగైనట్టు కనబడుతుంది. ఇది బయట తెలిసినవాళ్లకు తెలిసిన విషయమే. మా గదిలో ఎవరికీ తెలియదు. చుక్క పరీక్ష మొదట్లో ఒకసారి చేసి వదిలేశాం. ఎలుకకు అది చాలు.

రెండూ పన్నెండే సార్

జబ్బు గుంపు కణాల మీద ఒక మందును పరీక్షించాలి. కొన్ని ప్లేట్లకు మందు పోయాలి, కొన్నిటికి పోయకుండా ఉంచాలి. నేను ట్యాంకులోంచి పన్నెండు అని రాసి ఉన్న వయల్ తీసి కరిగించాను. సగం కణాలు చచ్చిపోయాయి. మిగిలినవి సగం ప్లేట్లకే సరిపోయాయి. ఇంకో పెట్టెలో అదే గుంపుది ఇంకో వయల్ ఉంది. దాని మీదా పన్నెండే ఉంది. దాన్నీ కరిగించాను.

సుదర్శనరావు గారు అడిగారు. ఆయన అడగలేదని నేను అనను.

"యాదగిరీ, రెండు వయల్స్ వాడావు కదా. వయసు ఒకటేనా?"

"ఒకటే సార్. రెండూ పన్నెండే."

మూత మీద నా చేతిరాత చూసి నా మాట నేనే నమ్మాను. ఆ రెండో వయల్ కణాలను అంతకుముందు ఏడాది ఒక సైంటిస్టు కోసం ముప్పై ఎనిమిది పాసేజ్‌ల దాకా పెంచి దాచాను. మళ్లీ కరిగించినప్పుడు ఒకటి నుంచి మొదలుపెట్టి పన్నెండుకు తెచ్చి మళ్లీ దాచాను. నర్సింహ సార్ పద్ధతి. అసలు వయసు యాభై. కుర్రకణాలు మందు లేని ప్లేట్లలోకి వెళ్లాయి. ముసలికణాలు మందు పోసిన ప్లేట్లలోకి వెళ్లాయి.

పది రోజుల తర్వాత మందు పోసిన ప్లేట్లలో మంచి జన్యువు పనిచేస్తూ కనబడింది. మందు లేనివాటిలో లేదు. ఇంతకంటే శుభ్రమైన ఫలితం నా సర్వీసులో చూడలేదు. శుభ్రమైన ఫలితం చూడగానే కాళ్లు చల్లబడాలని ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆరోజు మాత్రం మేం మిఠాయి పంచుకున్నాం.

తర్వాత నెలలో కణాలు ఇచ్చిన కుటుంబాలను పిలిచి మీటింగు పెట్టారు. ఫలితాన్ని రెండోసారి చేసి చూడకముందే పెట్టారు. ఎందుకంటే డైరెక్టర్లు ఆరోజే వస్తున్నారు. సుదర్శనరావు గారు మైకు తీసుకుని, "అమ్మా, మీ పాప కణాల్లో నిద్రపోతున్నదాన్ని మా మందు లేపింది. ఇంకా దూరం ఉంది, కానీ దారి దొరికింది" అన్నారు. కవిత లేచి నిలబడింది. చాలాసేపు అలాగే నిలబడి ఉంటే పక్కావిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

చుక్కలు లేవు

అప్పుడే నజ్మా అనే అమ్మాయి సైంటిస్టుగా చేరింది. సంగారెడ్డి అమ్మాయి. నన్ను మొదటిరోజు నుంచి చాచా అనేది. ఆమెకు అప్పగించిన మొదటి పని ఆ ఫలితాన్ని మళ్లీ చేసి చూడడం. ఒకే వయల్ కణాలను రెండు భాగాలు చేసి, ఒకదానికి మందు పోసి, ఒకదానికి పోయకుండా చేసింది. ఏ తేడా రాలేదు. మళ్లీ చేసింది. రాలేదు.

"నా చెయ్యి మంచిగ లేదేమో చాచా" అంది.

"నీ చెయ్యి మంచిగనే ఉంది బేటా. నేను చూస్తున్న కదా."

మూడోసారి మందుతో పనిలేకుండా, దాచి ఉంచిన వయల్స్ అన్నిటి నుంచీ కాస్త కాస్త కణాలు తీసి చుక్క పరీక్ష చేసింది. ఆ సాయంత్రం నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. మొదటి గాజుపలక చూపించింది. ప్రతి కణంలో ఒక ఎర్రచుక్క. రెండో పలక పెట్టింది. మందు పోసిన ప్లేట్లకు నేను వయల్ తీసిన పెట్టెలోదే అది.

"చుక్కలు లేవు చాచా. వీటికి మందు గూడ పొయ్యలే. ఇవి గూడ పన్నెండే అని ఉంది. ఎట్ల?"

నా దగ్గర ఒక బడి నోటుబుక్కు ఉండేది. ఏ వయల్ ఏ వయల్ నుంచి పుట్టిందో, దాని తల్లి ఏదో సొంతంగా రాసుకునేవాణ్ని. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు. ఆ పుస్తకం తెచ్చి ఆమె ముందే తల్లి నుంచి తల్లికి వెనక్కి వెళ్లాను. పన్నెండు. దానికి ముందు ముప్పై ఎనిమిది. రాసింది నేనే. కలిపి చూడనిదీ నేనే. నజ్మా నా ముఖం వైపు చూడకుండా పలక తీసి పెట్టెలో పెట్టింది. ఆ అమ్మాయి సంస్కారం అది.

పిల్లలూ, ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నిద్రపోయిన కణం చిన్నదైపోదు. గడ్డకట్టించినా కరిగించినా వయసు వయసే. మూత మీద జాగా లేకపోతే పెద్ద మూత కొనమని పోట్లాడండి. పాసేజ్ అంకెను కరిగించిన రోజు నుంచి కాకుండా పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టండి. చుక్క పరీక్షను మొదట ఒకసారి చేసి వదలకండి. పని చేసే ప్రతి బ్యాచ్‌కూ చేయండి. మనిషి కణాన్ని ఎలుక కణం అనుకోవద్దు. పోల్చే రెండు ప్లేట్లు ఒకే వయల్ నుంచి రాకపోతే అవి పోలికే కాదు.

చెప్పొద్దన్న మాట

మరుసటిరోజు నోటుబుక్కు తీసుకుని సుదర్శనరావు గారి గదికి వెళ్లాను. అంతా విని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎలుకలో ఇలా జరగదు యాదగిరీ."

"ఇది ఎలుక కాదు సార్."

నా మీద అరుస్తారనుకున్నాను. అరవలేదు.

"నువ్వు చెప్పింది నిజమే. రిపోర్టులోంచి ఆ మందు తీసేద్దాం. కానీ ఆ ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పొద్దు. చెబితే ప్రాజెక్టు మూసేస్తారు. మూసేస్తే నష్టపోయేది ఆ పిల్లే కదా? నిజంగా పనిచేసేది ఒకటి దొరకనివ్వు. అప్పుడు ఒకేసారి చెబుదాం."

ఆ మాటలో దయ ఉన్నట్టు ఉంటుంది. నాకూ అలాగే వినబడింది. తర్వాత మూడేళ్లు ఆలోచించి తెలుసుకున్నాను. అందులో పాప పేరు చెప్పి మమ్మల్ని మేము కాపాడుకున్నాం. మీటింగుల్లో చూపించే స్లైడ్లలోంచి ఆ మందు మాయమైంది. కవిత రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేసేది. రిసెప్షన్ వాళ్లకు ఒక మాట నేర్పారు: "ప్రాసెస్‌లో ఉందమ్మా." సంతకం పెట్టించుకున్న కాగితంలో మాత్రం, పాప ఆరోగ్యానికి సంబంధించింది ఏదైనా తేలితే తెలియజేస్తామని తెలుగులో స్పష్టంగా ఉంది.

నేనెందుకు ఊరుకున్నాను? నా రిటైర్మెంటుకు మూడేళ్లుంది. తప్పు నాది, నోటుబుక్కు నాది, చేతిరాత నాది. నన్నే మొదట పంపిస్తారు. ఇంతకంటే గౌరవమైన కారణం నా దగ్గర లేదు.

రిటైర్ కావడానికి కొన్ని నెలల ముందు బొల్లారం చౌరస్తాలో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే కవిత ఎదురైంది. డ్యూటీ దిగి వస్తోంది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

"నమస్తే సార్. మందు యాడిదాక వచ్చింది?"

"జరుగుతుంది బిడ్డా" అన్నాను.

అవి నా నోటి నుంచి వచ్చిన మాటలు. ఎవరూ నేర్పలేదు.

"పాప ఈపు గూని తిరుగుతుంది సార్. పోయినేడు నడుముకు బెల్టు పెట్టుమన్నడు డాక్టరు. ఇప్పుడేమో ఆపరేషన్ అంటుండు, ఎన్నుపూసకు రాడ్లు ఎయ్యాల్నంట. మందొస్తే అంతా సక్కగైతదని రెండూ నేనే ఆపిన. గింత పసిదాని ఈపు కోయించుడెందుకు, జెర ఆగుదామన్న. మంచిగ చేసిన్నా సార్?"

ఆటో వచ్చింది. ఆమె ఎక్కి, నాకు కూడా జాగా చేసి, "రాండ్రి సార్" అంది. నేను ఎక్కలేదు. వేరే పని ఉందన్నాను.

తెల్లారి సుదర్శనరావు గారికి చెప్పాను. "సార్, వాళ్లు ఆపరేషన్ ఆపుకుని కూర్చున్నారు." "ఎథిక్స్ కమిటీకి రాస్తాను, వాళ్ల ద్వారా చెప్పిద్దాం" అన్నారు. రెండు వారాలకు అడిగాను. రాస్తున్నానన్నారు. నెలకు అడిగాను. ఆయన గది తలుపు నాకు తీయడం మానేశారు.

ఉత్తరాలు

నేను దిగిపోయిన వారంలోనే డైరెక్టరుకు రిజిస్టర్ పోస్టులో రాశాను. తర్వాత, రోగుల మీద పరిశోధనలు ధర్మంగా జరుగుతున్నాయో లేదో చూసే ఆ ఎథిక్స్ కమిటీకి రాశాను. రెండూ అందినట్టు సంతకాలతో కార్డులు తిరిగి వచ్చాయి. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. మళ్లీ కార్డులే వచ్చాయి.

కణాలు ఇచ్చినవాళ్ల చిరునామాలు, వివరాలు పనివాళ్లు సొంతంగా వాడకూడదని నియమం ఉంది. మంచి నియమం. నేనూ ముప్పై ఏళ్లు నమ్మాను. కానీ ఒక పాప వీపు వంగుతూ ఉంటే ఆ నియమం వెనక దాక్కోవడం నాకు చేతకాలేదు. మీరు నాలాగా చేయొద్దు. తప్పు తేలిన మొదటి వారంలోనే రాతపూర్వకంగా కమిటీకి చెప్పండి. కాగితం మీద మీ సంతకం, తేదీ ఉండాలి. బాస్ చెబుతాడులే అని ఊరుకోవద్దు. నేను మూడేళ్లు ఊరుకుని, చివరికి దొడ్డిదారిన పోవాల్సి వచ్చింది.

కవితకు ఎదురుగా చెప్పే ధైర్యం లేదు. డాక్టరుకు చూపించుకోవడానికి కాగితం ఉంటే మంచిదని కూడా అనుకున్నాను. ఐదు పేజీలు రాసి, పంపేముందు నజ్మాకు ఇచ్చాను. ఆమె అప్పటికే వేరే ల్యాబులో చేరింది. చదివి నా చేతిలో పెట్టింది.

"మూడు పేజీల దాక మీ బాధే ఉంది చాచా. ఆమెకు గావాల్సింది ఒక్కటే మాట. మందు లేదు. అది మూడో పేజీ అడుగున ఉంది."

మళ్లీ రాశాను. ఒక పేజీ. మొదటి వాక్యం: మందు లేదు. తర్వాత ఎందుకు లేదో, తప్పు ఎవరిదో, ఎప్పుడు తెలిసిందో రాశాను. ఆటో దగ్గర మీరు అడిగిన రోజుకు నాకు తెలుసు అని కూడా రాశాను. ఆ డాక్టరు చెప్పింది ఆపొద్దని, ఈ ఉత్తరం ఆయనకు చూపించమని రాసి పోస్టు చేశాను.

నెల దాటాక జవాబు వచ్చింది. గీతల కాగితం, రెండు వైపులా రాసి ఉంది. అక్షరం మార్చకుండా ఇక్కడ ఇస్తున్నాను.

"యాదగిరి సార్‌కు కవిత నమస్కారం చేసి రాయునది.

మీ ఉత్తరం అందింది. మొదటి లైను చదివి పక్కకు పెట్టిన. నాలుగు దినాల తర్వాత మిగతాది చదివిన. మూడేండ్ల సంది ఎన్నిసార్లు ఫోన్ చేసినా మందు లేదు అనే మాట ఎవ్వరూ చెప్పలేదు.

ఉత్తరం డాక్టర్‌కు చూపించిన. అప్పుడే బెల్టు పెట్టి ఉంటే ఆగేదో ఆగకపోయేదో చెప్పలేనమ్మా అన్నడు. ఇప్పుడు మాత్రం రాడ్లు వెయ్యక తప్పదన్నడు. వచ్చే నెల తారీఖు ఇచ్చిండు. మా ఆయన సెలవు పెట్టుకున్నడు.

సీసా మీద నంబరు తప్పు మీదని రాసిండ్రు. అది నాకు అర్థమైంది. ప్యాకింగ్‌ల నేను కూడా ఒకసారి బ్యాచ్ నంబరు తప్పు వేసిన. ఆ దినమే సూపర్‌వైజర్‌కు చెప్పిన. డబ్బాలన్నీ బండి మీదికెళ్లి దింపిచ్చిండ్రు. నన్ను చానా తిట్టిండ్రు. కానీ ఆ మాత్రలు ఎవ్వరి ఇంటికీ పోలేదు.

ఆటో కాడ నేను అడిగిన రోజు మీకు తెలుసని రాసిండ్రు. అదొక్కటి నాకు అర్థమైతలేదు. ఎంత ఆలోచన చేసినా అయితలేదు. మంచిగ చేసిన్నా సార్ అని నేను అడిగితే మీరు ఆటో ఎక్కలేదు.

క్షమించిన అని రాయమని మా ఆయన అంటుండు. పెద్దమనిషి, తనంతట తనే చెప్పుకున్నడు గదా అంటుండు. అది నేను ఇప్పుడు రాస్తలేను. ఆపరేషన్ అయినంక చూస్త.

కవిత"